అంబాసిడర్ 1489 ఇంజిన్: విరిగిన మానిఫోల్డ్ స్టడ్, దాని వెనక కథ

బండి: 1977 అంబాసిడర్ మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్.
ఫిర్యాదు: పొద్దున్నే స్టార్ట్ చేయగానే బోనెట్ కింద టక టక చప్పుడు, వేడెక్కాక తగ్గుతుంది. ఐడిలింగ్‌లో నిలకడ లేదు. అద్దాలు ఎత్తుకుంటే లోపలికి పొగ వాసన.
దొరికింది: వెనక ఇన్‌లెట్ పోర్టుకీ నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టుకీ మధ్య ఉండే మానిఫోల్డ్ స్టడ్ హెడ్డు దగ్గరికి తెగిపోయి ఉంది. (మానిఫోల్డ్ అంటే ఇంజిన్‌కు గాలి-పెట్రోలు తెచ్చే, పొగ తీసుకుపోయే గొట్టాల దిమ్మ; హెడ్డు అంటే సిలిండర్ల పై మూత; స్టడ్ అంటే మానిఫోల్డ్‌ను హెడ్డుకు పట్టి ఉంచే, రెండు కొసలా థ్రెడ్డున్న కడ్డీ.)

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు రాకముందే ఈ బండికి వేరేచోట ట్యాపెట్లు (వాల్వులను కదిపే భాగాల సందు) సెట్ చేశారు. చప్పుడు పోలేదు. ఈ పొరపాటు చాలామందికి జరుగుతుంది, దానికి కారణం కూడా ఉంది. ఒక సిలిండర్ దగ్గర ఎగ్జాస్ట్ లీకైతే వచ్చే చప్పుడూ, ఒక ట్యాపెట్ లూజైతే వచ్చే చప్పుడూ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారే వస్తాయి. లయ ఒకటే కాబట్టి చెవికి తేడా తెలియదు.

తేడా పట్టుకోవడానికి నేను చేసేది ఇది. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, అనుమానం ఉన్న సిలిండర్ ప్లగ్ వైరు తీసి ఎర్త్‌కు ఆనిస్తాను. ఆ సిలిండర్‌లో మంట ఆగిపోతే ఎగ్జాస్ట్‌లోకి తన్నుకొచ్చే ఒత్తిడి పడిపోతుంది, లీకు చప్పుడు మెత్తబడుతుంది. ట్యాపెట్ చప్పుడైతే మంట ఉన్నా లేకపోయినా అలాగే కొట్టుకుంటుంది. ఇక్కడ నాలుగో వైరు తీయగానే చప్పుడు సగానికి సగం పోయింది. రబ్బరు పైపు ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను మానిఫోల్డ్ వెంట జరిపితే, నాలుగో సిలిండర్ పోర్టు దగ్గర ఫట్ ఫట్ మని స్పష్టంగా వినిపించింది. టార్చి వేసి చూస్తే అక్కడ హెడ్డు మీద నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంది. వేడెక్కాక చప్పుడు ఎందుకు తగ్గుతుందంటే, పోత ఇనుము వ్యాకోచించి సందు కొంత మూసుకుంటుంది. కొంతే మూసుకుంటుంది, పూర్తిగా కాదు.

బండి ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. "చప్పుడే కదా బాబూ, ఈ వారం తిప్పుకుని తీసుకురానా?" అన్నారు. వద్దన్నాను. లీకు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) పక్కనే ఉంది, పొగ నేరుగా లోపలికి వస్తోంది. ముక్కుకు తెలిసేది కాలీ కాలని పెట్రోలు వాసన మాత్రమే. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు. బండి అక్కడే ఆగిపోయింది.

ఈ ఇంజిన్ గురించి నాలుగు మాటలు

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి అంబాసిడర్. అందులోని ఈ పెట్రోల్ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ-సిరీస్ కుటుంబానిది. ఎంజీఏ, ఎంజీబీ స్పోర్ట్స్ కార్లలో ఉన్నదీ ఈ కుటుంబమే, కాబట్టి పాత ఎంజీ ఉన్నవాళ్లకూ ఈ కేసు పనికొస్తుంది. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఎడమ పక్కనే ఉంటాయి. ముందు నుంచి వరసగా ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్, ఒకటికీ రెండుకీ కలిపి ఒక ఇన్‌లెట్, రెండుకీ మూడుకీ కలిపి ఒక ఎగ్జాస్ట్, మూడుకీ నాలుగుకీ కలిపి ఒక ఇన్‌లెట్, చివర నాలుగో సిలిండర్ ఎగ్జాస్ట్.

పోర్టుల మధ్య ఉన్న స్టడ్లు ఒక్కొక్కటీ రెండు మానిఫోల్డులనూ పట్టుకోవాలి. ఒకే మందపాటి పెద్ద వాషర్ సగం ఇన్‌లెట్ ఫ్లాంజి (నట్టు బిగిసే అంచు పలక) మీద, సగం ఎగ్జాస్ట్ ఫ్లాంజి మీద కూర్చుంటుంది, దాని మీద నట్టు బిగుస్తుంది. ఈ కేసంతా ఆ వాషర్ చుట్టూనే తిరిగింది.

విప్పడం

మిగిలిన స్టడ్లు కూడా నలభై ఏళ్లకు పైగా వేడిలో ఉన్నవే. ఒకటి తీయబోయి ఇంకో రెండు విరగ్గొట్టుకోవడం ఈ పనిలో మామూలుగా జరిగే నష్టం. అసిటోన్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఆయిల్) సమపాళ్లలో కలిపి ముందు రోజు సాయంత్రమే నట్ల మీద వేసి వదిలేశాను. ఈ మిశ్రమం నిలవదు, విడిపోతుంది. పోసే ముందు ప్రతిసారీ కుదపాలి, మంటకు దూరంగా ఉంచాలి.

ఈ నట్లకు పట్టేది అర అంగుళం పానా, అంటే 12.7 మిల్లీమీటర్లు. చేతికి అందింది కదా అని 13 నంబరు పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. ఈ బండి నట్లలో కొన్నిటికి అప్పటికే ఆ గతి పట్టింది. ఆరు పలకల అర అంగుళం సాకెట్ వేసి, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, తుప్పు పట్టు సడలిందని చేతికి తెలిశాకే విప్పే వైపు తిప్పాను. మొరాయించిన నట్టును గ్యాస్‌తో ఎర్రగా కాల్చి తీశాం. నట్టునే కాల్చాలి, స్టడ్‌ను కాదు.

మానిఫోల్డులు బయటికొచ్చాక విరిగిన ముఖం కనిపించింది. దీన్ని గుడ్డతో తుడిచి భూతద్దం పెట్టి చూడకుండా నేను ఎప్పుడూ పని మొదలుపెట్టను. ఒక్కసారిగా బలం ఎక్కువై తెగిన స్టడ్ ముఖమంతా ఒకే రంగులో, గరుకుగా ఉంటుంది. ఇది అలా లేదు. ముఖంలో ముప్పావు వంతు నున్నగా, మసిపట్టి నల్లగా ఉంది. అందులో ఒక అంచు నుంచి మొదలై సన్నటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. మిగిలిన పావు వంతు మాత్రమే గరుకుగా, కొంచెం కొత్తగా ఉంది. అంటే పగులు ఒక పక్క మొదలై, రోజులతరబడి లోపలికి పాకి, చివరికి మిగిలిన కాస్త లోహం ఆపలేక తెగింది. స్టడ్ నిలువునా లాగబడి తెగితే ఇలా ఉండదు. ఎవరో పక్కకు వంచుతూ ఉన్నారు. ఎవరన్నది తేల్చకుండా కొత్తది బిగించడంలో అర్థం లేదు.

మొద్దు తీయడం

స్టడ్ హెడ్డు ముఖానికి సుమారు ఒక మిల్లీమీటరు పైన తెగింది. హెడ్డులో మిగిలిన మొద్దును పట్టుకోవడానికి ఏమీ లేదు. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఈజీ ఔట్ (విరిగిన మొద్దులోకి దింపి తిప్పి తీసే పనిముట్టు) తెచ్చాడు. ఇలాంటి చోట నేను దాన్ని ముట్టుకోను. ఈజీ ఔట్ కోసుగా ఉంటుంది, తిప్పేకొద్దీ మొద్దును లోపలి నుంచి వెడల్పు చేసి రంధ్రం గోడలకు ఇంకా గట్టిగా అదుముతుంది. పైగా అది గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగిందంటే మామూలు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ దాని మీద జారిపోతుంది. అప్పుడు కార్బైడ్ బిట్టో, స్పార్క్ ఎరోజన్ మెషీనో కావాలి, హెడ్డు ఎలాగూ దించాలి. తుప్పుతో పట్టుకున్న స్టడ్‌కు కావలసింది బలం కాదు, వేడి.

హెడ్డు దించకుండానే చేయాలని నిర్ణయించాను. దించితే బల్ల మీద పని సుఖం, నిజమే. కానీ హెడ్డు స్టడ్లు, గాస్కెట్, నీళ్ల దారులు అన్నీ కదపాలి; బాగున్నదాన్ని కదిపి కొత్త తలనొప్పి తెచ్చుకోవడమే అవుతుంది. వెల్డింగ్ పారకపోతే అప్పుడు దించుదాం అని మాస్టారికి ముందే చెప్పాను.

బ్యాటరీ వైర్లు తీసేశాం. కార్బురేటర్ మానిఫోల్డ్‌తోపాటే బయటికొచ్చింది. పెట్రోల్ పైపు కొసను మూసి, ఆ పక్కంతా తడి గోనెసంచి కప్పాం. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే చోట పెట్టాం. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును హెడ్డు మీదే, స్టడ్‌కు దగ్గరగా పెట్టాం. ఎక్కడో ఛాసిస్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది.

ముందు మొద్దు చుట్టూ ఒక వాషర్ పెట్టి, 2.5 మిల్లీమీటర్ల తేమ లేని వెల్డింగ్ రాడ్డుతో 80 ఆంపియర్ల దగ్గర, మొద్దు నడిమి నుంచి మొదలుపెట్టి వాషర్‌కు కలిపాను. పోత ఇనుముకు ఈ రాడ్డు వెల్డు సరిగా అంటదు. అది ఇక్కడ మనకు మేలు చేసే గుణం: చిందినది హెడ్డు మీద పడినా ఉలితో తడితే రాలిపోతుంది. వాషర్ మీద 3/8 నట్టు పెట్టి దాని లోపలంతా నింపేశాను. నట్టు, మొద్దు అన్నీ ఎర్రబడ్డాయి.

ఎర్రగా ఉండగా తిప్పకూడదు. ఎందుకో చెబుతాను. ఎర్రబడ్డ మొద్దు పెరగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి పోత ఇనుము దాన్ని పెరగనివ్వదు. మెత్తబడ్డ ఉక్కు ఆ ఒత్తిడికి లోలోపలే నలిగి సర్దుకుంటుంది. చల్లారేటప్పుడు అది మునుపటి కొలత కంటే ఒక పిసరు తక్కువకు కుంచించుకుపోతుంది, తుప్పు పట్టు అప్పుడు చిట్లుతుంది. ఎరుపు పోయి, ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడి ఉండగా కొవ్వొత్తి తెచ్చి నట్టు మొదట్లో ఆనించాను. మైనం నీళ్లలా కరిగి థ్రెడ్డులోకి పీల్చుకుపోయింది, పొగ వచ్చింది. నీళ్లు మాత్రం పోయకూడదు. వేడి పోత ఇనుము మీద నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది.

మొదటి వెల్డు ఊడొచ్చింది. అది నష్టమేమీ కాదు, ఆ వేడి తన పని తాను చేసే పోయింది. శుభ్రం చేసి మళ్లీ అతికించాం. ఈసారి రింగు పానా వేసి అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి ఆడిస్తుంటే కీచుమని చిన్న చప్పుడొచ్చింది. ఆ చప్పుడు వింటే నాకు ఊపిరి వచ్చినట్టుంటుంది. పావు చుట్టు తిరిగాక మళ్లీ వెనక్కి, మళ్లీ మైనం, మళ్లీ ముందుకు. తొందరపడి ఒకే వైపు లాగితే పొడి తుప్పు థ్రెడ్డులో ఉండలు కట్టి మళ్లీ బిగుసుకుంటుంది. అలా ఆడిస్తూ బయటికి తెచ్చాం. హెడ్డులోని థ్రెడ్డు చెక్కుచెదరలేదు. 5/16 యూఎన్‌సీ (అంగుళం లెక్క ముతక థ్రెడ్డు) ట్యాప్‌ను చేత్తో పోనిచ్చి శుభ్రం చేస్తే సరిపోయింది.

పక్క స్టడ్‌లో దొరికింది

ఫైర్‌వాల్ వైపు చివరి స్టడ్ నట్టుతోపాటే చేతికొచ్చేసింది. దాని వెంట పోత ఇనుము పొడి, థ్రెడ్డు తునకలు రాలాయి. పిచ్ గేజ్ (థ్రెడ్డు చుట్ల మధ్య దూరం చూసే పనిముట్టు) పెడితే 1.25 మిల్లీమీటర్లు. అంటే అది ఎం8, మిల్లీమీటర్ల లెక్క స్టడ్.

ఈ ఇంజిన్‌లో థ్రెడ్డులు దాదాపు అన్నీ అంగుళం లెక్కవి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒప్పుకున్న యూనిఫైడ్ రకం. మానిఫోల్డ్ స్టడ్ హెడ్డులోకి పోయే కొస 5/16 యూఎన్‌సీ, అంగుళానికి 18 చుట్లు. నట్టు వైపు 5/16 యూఎన్ఎఫ్ (సన్న థ్రెడ్డు), అంగుళానికి 24 చుట్లు. 5/16 అంటే 7.94 మిల్లీమీటర్లు, ఎం8 అంటే 8. చేతిలో పెట్టుకుంటే కంటికి తేడా తెలియదు. కానీ 18 చుట్ల థ్రెడ్డులో ఒక చుట్టుకు 1.41 మిల్లీమీటర్లు, ఎం8లో 1.25. మూడు చుట్లు పోయేసరికి అర మిల్లీమీటరు తేడా పోగవుతుంది. అక్కడ బిగుసుకుంటుంది. బిగించేవాడు "టైట్ అయింది" అనుకుంటాడు. నిజానికి ఉక్కు స్టడ్ హెడ్డులోని మెత్తటి థ్రెడ్డును కోసుకుంటూ పోతోంది. పాత బండ్ల మీద పనిచేసే ప్రతి షెడ్డులో ఒక పిచ్ గేజ్ ఉండాలని నేను గట్టిగా చెబుతాను. దాని ఖరీదు ఒక పూట టిఫిన్లకు అయ్యేంత.

ఆ రంధ్రం పాత కొలతకు ఇక పనికిరాదు. రెండు దారులు. రంధ్రాన్ని 3/8కు పెంచి, లేత్ మీద మెట్టు స్టడ్ (ఒక కొస లావు, ఒక కొస సన్నం) తిప్పించుకోవడం ఒకటి. థ్రెడ్డు ఇన్సర్ట్, అంటే హెలికాయిల్ (రంధ్రంలో కూర్చుని కొత్త థ్రెడ్డుగా పనిచేసే తీగ చుట్ట) వేయడం రెండోది. మెట్టు స్టడ్ గట్టిదే, మా పెద్దవాళ్లు అదే చేసేవారు. కానీ దానికి ప్రత్యేకంగా లేత్ పని కావాలి, ఇన్సర్ట్ వేస్తే మామూలు 5/16 స్టడ్డే పడుతుంది. ఇక్కడ నేను ఇన్సర్ట్ వైపే మొగ్గాను.

డ్రిల్ నిటారుగా పోవడమే ఇందులో ప్రాణం. ఎడమ మడ్‌గార్డు లోపలి రేకు అడ్డం, మామూలు డ్రిల్ మెషీన్ సూటిగా పట్టదు. పది మిల్లీమీటర్ల మందం ఫ్లాట్ ముక్కను పక్కనున్న రంధ్రాల ఆధారంతో హెడ్డుకు బోల్టు చేసి, కావలసిన చోట లేత్ మీద చేయించిన బుష్ కూర్చోబెట్టాం. యాంగిల్ డ్రిల్‌ను ఆ బుష్ గుండా పోనిస్తే అది ఎటూ వంగడానికి లేదు. పాత రంధ్రం లోతు ముందే కొలిచి, బిట్టు మీద టేపు చుట్టాం. ఆ టేపు దాటి ఒక్క మిల్లీమీటరు కూడా పోనివ్వలేదు, ఎందుకంటే అవతల ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లున్నాయి. పోత ఇనుము పొడిగానే తెగుతుంది, నూనె అక్కర్లేదు. ట్యాప్ గాడుల్లో మాత్రం కొంచెం గ్రీజు పెడితే పొడి దానికే అంటుకుని బయటికొస్తుంది. ఇన్సర్ట్ హెడ్డు ముఖానికి ఒక చుట్టు లోపలికి దిగాక దాని తోక విరిచి, తోక ముక్కను మాగ్నెట్‌తో తీశాం.

స్టడ్‌ను వంచింది ఎవరు

ఇప్పుడు అసలు ప్రశ్న. మాస్టారే అడిగారు: "కొత్త స్టడ్ వేశాక ఇంకా ఏం చూస్తున్నావు బాబూ?" విరిగిన ముక్క చూపించి, ఆ వంపు గీతలు చూపించాను. భూతద్దం తీసుకుని చాలాసేపు చూశారు. "అయితే మళ్లీ తెగుతుందా?" అన్నారు. కారణం అలాగే ఉంటే తప్పకుండా తెగుతుందండీ అన్నాను.

వెర్నియర్ తెచ్చి రెండు మానిఫోల్డుల ఫ్లాంజి మందాలు కొలిచాం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకప్పుడు మార్చారు, బజారు సరుకు వేశారు. ఇన్‌లెట్ మాత్రం పాతదే. తెగిన స్టడ్ దగ్గర ఇన్‌లెట్ ఫ్లాంజి ఎగ్జాస్ట్ ఫ్లాంజి కంటే మిల్లీమీటరుకు పైగా మందం. అంటే వాషర్ సమంగా కూర్చోలేదు. దాని ఒక అంచు ఇన్‌లెట్ మీద ఆని, రెండో అంచు గాలిలో ఉంది. నట్టు బిగించినకొద్దీ వాషర్ ఒరిగి, స్టడ్‌ను ఎగ్జాస్ట్ వైపు వంచింది. ఎగ్జాస్ట్ ఫ్లాంజికి పట్టు చాలలేదు, అది వేడికి పెరిగి, చల్లారి తగ్గుతూ, ఇంజిన్‌తోపాటు అదురుతూ స్టడ్‌ను రోజూ ఆడించింది. వాషర్ మీద కూడా సాక్ష్యం ఉంది: ఒక సగం మెరుస్తూ రాసుకుపోయింది, రెండో సగంలో మసి తప్ప గీత కూడా లేదు.

గాస్కెట్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో నాలుగో సిలిండర్ వైపు కాలు వెనక్కి వంగి ఉంది, ఫీలర్ గేజ్‌లో (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట) 0.4 మిల్లీమీటర్ల ఆకు దూరింది. బండి కిందికి వెళ్లి చూస్తే ఇంకోటి దొరికింది. గేర్‌బాక్స్ దగ్గర సైలెన్సర్ పైపును పట్టుకోవాల్సిన క్లాంపు లేనే లేదు. పైపు బరువు, ఇంజిన్ ఊగినప్పుడల్లా పైపు లాగే లాగుడు అంతా మానిఫోల్డ్ మీదే పడుతోంది. ఈ మూడూ కలిసి స్టడ్‌ను తెంచాయి, అందులో పెద్ద వాటా వాషర్‌దే.

రెండు మానిఫోల్డులనూ ఒకదానికొకటి బిగించి, ఆ జతనే సర్ఫేస్ గ్రైండర్ మీద పెట్టించి గాస్కెట్ ముఖాలు ఒకే కోతలో చదును చేయించాను. విడివిడిగా చేస్తే రెండు ముఖాలూ ఒకే మట్టానికి రావు. నట్టు వైపు మందం తేడాకు మెట్టు వాషర్లు లేత్ మీద తిప్పించాం. ప్రతి స్టడ్ దగ్గర తేడా వేరుగా ఉంది కాబట్టి ఒక్కో వాషర్‌కూ దాని చోటు అంకె పంచ్ కొట్టాం. ఫ్లాంజిని ఫైలుతో రాకి పలచన చేయడం సులువే, కానీ రేపు మానిఫోల్డ్ మారితే ఆ ఫ్లాంజి పాడైపోయినట్టే. వాషర్ అయితే మార్చుకోవచ్చు.

బిగింపు

పాత స్టడ్లన్నీ మార్చేశాం. ఒకటి అలసిపోయి తెగిందంటే మిగిలినవీ అదే వేడి, అదే వంపు చూసినవే. ఒక కొస యూఎన్‌సీ, ఒక కొస యూఎన్ఎఫ్ ఉన్న సరైన స్టడ్లు ఆటోనగర్‌లోనే దొరికాయి. ఒక్కొక్కటీ గేజ్ పెట్టి చూసి తీసుకున్నాం. హెడ్డు వైపు రాగి పొడి ఉన్న యాంటీ సీజ్ (థ్రెడ్డు పట్టేయకుండా రాసే పేస్టు) రాసి, రెండు నట్లు ఎదురెదురు బిగించి వాటితో స్టడ్‌ను మెల్లగా దింపాం. రంధ్రం అడుగుకు కొట్టుకునేలా బిగించకూడదు, అక్కడ కూడా పగులు మొదలవుతుంది. నట్లు ఇత్తడివి వేశాం. ఇత్తడి ఉక్కుతో తుప్పుపట్టి కలిసిపోదు, రేపు విప్పేవాడికి తేలిక.

కొత్త గాస్కెట్ పెట్టి, రెండు మానిఫోల్డులనూ కలిపే బోల్టులు కొంచెం లూజుగా ఉంచి హెడ్డుకు ఎక్కించాం. నట్లు నడిమి నుంచి చివరలకు, దఫదఫాలుగా 15 ఫుట్-పౌండ్ల దాకా టార్క్ రెంచితో తెచ్చాం. ఆ తర్వాతే మధ్య బోల్టులు బిగించాం. గేర్‌బాక్స్ దగ్గర కొత్త క్లాంపు కట్టి, సైలెన్సర్ పైపు ఏ వైపుకూ లాగకుండా తనంతట తాను కూర్చునేలా చూసి అప్పుడు దాని బోల్టులు బిగించాం.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టక టక లేదు. సైలెన్సర్ కొసకు తడి గుడ్డ అడ్డం పెట్టినా మానిఫోల్డ్ దగ్గర బుస్సు మని రాలేదు. ఐడిలింగ్ దానంతట అదే కుదురుకుంది, ఎందుకంటే అదే వాషర్ కింద వెనక ఇన్‌లెట్ కూడా గాలి పీల్చేది. ఆ గాలి వల్ల మూడు, నాలుగు సిలిండర్లకు మిశ్రమం పలచబడేది. అంతకుముందు ఎవరో ఆ లోటు పూడ్చడానికి కార్బురేటర్ రిచ్ చేసి (పెట్రోలు పాలు పెంచి) పెట్టారు. దాన్ని మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

పూర్తిగా వేడెక్కనిచ్చి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున మళ్లీ టార్క్ చూశాం. నడిమి నట్లు కొంచెం కదిలాయి, వెనకవి కదలలేదు. 500 కిలోమీటర్ల తర్వాత మాస్టారు బండి తెచ్చారు. నాలుగో సిలిండర్ పోర్టు చుట్టూ హెడ్డు శుభ్రంగా ఉంది, మసి జాడ లేదు, ఇన్సర్ట్ వేసిన స్టడ్ టార్క్ పట్టి నిలిచింది. వాషర్ల కింద 0.05 ఫీలర్ ఆకు ఏ వైపు నుంచీ దూరలేదు. వాషర్ అంకెలు, వాటి మెట్టు కొలతలు కాగితం మీద రాసి బండి పుస్తకంలో పెట్టుకోమని ఇచ్చాను. మానిఫోల్డ్ ఎప్పుడు మార్చినా ఆ కొలతలు మళ్లీ తీయాలి.